చింపడానికి వీల్లేని క్యాలెండర్

గురువారం

ఇక గోడ క్యాలెండర్ వెనక బుకింగులు రాయను. నెల మారగానే అత్త అలవాటుగా ఆ కాగితం చింపి బొరుగుల డబ్బా కింద పరిచింది. నిన్నటి పెళ్లికూతురు పర్వీన్ మేకప్ దాని వెనకే రాసుకున్నాను, మరిచిపోయాను. ఆ పిల్ల పెళ్లిబట్టలు కట్టుకుని నా కోసం ఎదురుచూసి, చివరికి వాళ్లక్కతో పౌడర్ రాయించుకుందట.

ఈరోజు కల్లూరులో డిజిటల్ డైరీ కొన్నాను. అరచేతంత ఉంది. రాసిపెడితే టైముకు మోగుతుంది.

"ఫోన్‌లోనే అన్నీ ఉండాయి కదక్కా, ఇదెందుకు?" అన్నాడు షాపతను.

"నా ఫోను నా చేతిలో యాడుంటాదప్పా? పగలు పాపకు పాఠాలు, సాయంత్రం మా అత్తకు సీరియళ్లు. అది మోగినా నాకు చెప్పేదెవరు?"

ఇంటికొచ్చాక అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నెలయిపోతే దీన్ని యాడ చింపల్ల?" అంది. నవ్వాను. వెంటనే పర్వీన్ గుర్తొచ్చింది. ఇక ఆ వీధిలో నన్నెవరైనా పిలుస్తారా...

పిలవకపోయినా పోతాను. అందులో మొదటగా ఇదే రాశాను: రేపు ఏడింటికి పర్వీన్ అత్తగారిల్లు. పెళ్లికొడుకు వాళ్లిచ్చే వలీమా విందుకైనా నా చేత్తో ముస్తాబు చేయాలి, డబ్బు తీసుకోకూడదు.

తలుపు తీస్తారో లేదో. అలారం ఆరింటికే పెట్టాను.