తెరకు ఎడమ పక్క

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీ ఫోటోకి దండ వేశాం.

పోయిన వారం మన బారిడీహ్ ఇంటికి పెద్ద మానిటర్ తెచ్చుకున్నాను. పాతది చిన్నది కాబట్టే కారు రేసుల ఆటలో పక్కబళ్ళు కనబడక ఓడిపోతున్నానని అనుకున్నాను. కొత్తదాంట్లో రోడ్డు మీది కంకర కూడా స్పష్టంగా కనిపించింది. అయినా గుద్దేశాను.

"ఎడం పక్కనుంచి అంత ట్రక్కు వత్తంటే కనబడ్లేదేటే?" అని నీ అల్లుడు నవ్వాడు.

"ఏ ట్రక్కు?" అన్నాను. అతని నవ్వు ఆగిపోయింది.

కుడి కన్ను మూసి చూశాను. తెర ఎడమ అంచు పొగలో కలిసిపోయింది.

"ఘర్ మే కిసీకో గ్లాకోమా థా?" అని కళ్ళ డాక్టరు అడిగాడు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉండేవా అని. నీ సంగతి నీ అల్లుడు చెప్పాడు. నీ చూపు తీసేసిన నీటికాసులే నాకూ వచ్చాయట. పోయిన చూపు రాదట, చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలవవచ్చట.

ఆ మాటతో నీ అల్లుడు కుదుటపడ్డాడు. నాకు మాత్రం భయం పోలేదు. ఇందాక ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని, నీలాగే గోడ తడుముకుంటూ వంటింటికి బయలుదేరాను. సగం దారిలోనే కళ్ళు తెరిచేశాను.

అన్నేళ్ళు ఎలా నడిచావు నాన్నా?