బాషా గారి మూడో పువ్వు

మంగళవారం, బందరు

నిద్ర పట్టడం లేదు. బాషా గారి విషయంలో తొందరపడ్డానేమో.

పక్షవాతంతో ఆయన కుడిచేయి పడిపోయాక, ఫిజియోథెరపీ చేయించడానికి రెండు నెలలుగా ఇంటికి వెళ్తున్నాను. చేత్తో నొక్కమని మెత్తటి బంతి ఇస్తే, "ఇది పిల్లలాటమ్మా" అని పక్కన పడేసేవారు. నలభై ఏళ్లు కలంకారీ అద్దకం చేసిన మనిషి. అందుకే ఇవాళ వాళ్లావిడ చేత అటక మీది చెక్క అచ్చు దింపించి ఆయన చేతికిచ్చాను. ఇన్నాళ్లూ భుజం ఎత్తుకి రాని చేయి వచ్చింది. రంగులో ముంచి, పాత దుప్పటి మీద వరసగా మూడు పువ్వులు అద్దారు. నేను చప్పట్లు కొట్టాను.

ఆయన మాత్రం దుప్పటి మీదకి వంగి అలాగే ఉండిపోయారు. మూడో పువ్వు నూలుపోగంత ఎడంగా పడింది. ఆయన వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనపడలేదు.

"ఇలా అద్దినవాణ్ణి ఒకసారి నేనే పనిలోంచి తీసేశానమ్మా" అన్నారు.

ఇంకా టైం పడుతుందండీ అన్నాను.

నేను పనిచేసే గుడివాడ క్లినిక్‌లో మోకాళ్ల నొప్పుల వాళ్లకి మెషీన్‌తో కరెంటు పెట్టి వచ్చేస్తాను. అక్కడి సంగతులేవీ ఇంటిదాకా రావు. ఇది వచ్చింది.

నేను బయల్దేరి చెప్పులేసుకుంటుంటే బాషా గారు పిలిచారు.

"రేపు ఆ బంతి తీసుకురామ్మా. దానికైతే వరస కలవక్కర్లేదు."

రెండు నెలలుగా ఆయన బంతి అడగాలనే కోరుకున్నాను. ఇందాక దాన్ని బ్యాగులో పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను.