ముళ్ళమీద నడిచిన జీవి

నందిగామ

అత్తయ్య గారికి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఒంగోల్లో మీరూ, బావమరిది బెన్ని కుటుంబమూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో నా మాట మీకు వినపడడం లేదు కాబట్టి ఉత్తరమే నయం.

అడిగినవాటికి జవాబులు. వంట నేనే చేసుకుంటున్నాను. మీరు పంపిన గోంగూర పచ్చడి అయిపోవచ్చింది. మోకాలి నొప్పి తగ్గింది.

కీసర స్కూలు గోడ సంగతి అడిగారు. పరిమళ తన క్లాసు పిల్లల కోసం మొదలుపెట్టి, పోయేముందు సగంలో వదిలిన పాతకాలపు సముద్రం బొమ్మ అది. "సున్నం వేయించమంటారా, పూర్తి చేస్తారా?" అని హెడ్మాస్టరు ఎడ్విన్ గారు కబురు పెట్టారు. శనివారాలు బస్సెక్కి వెళ్ళి నేనే వేస్తున్నాను.

యాభై కోట్ల ఏళ్ళ కిందటి జీవులు. ఒకదానికి ఐదు కళ్ళు, ముందుకు తొండం. దొరికింది తొండంతో పట్టుకుని, కిందనున్న నోటికి అందించుకునేది. మరొకటి చిటికెన వేలంత. పేరు హాలూసిజీనియా. ఒకవైపు ముళ్ళు, ఒకవైపు మెత్తని గొట్టాలు. పరిమళ దాన్ని ముళ్ళమీద నడిపించింది. తను చదివిన పాత పుస్తకంలో అలాగే ఉంది. శాస్త్రవేత్తలే మొదట పొరబడ్డారు. నిజానికి గొట్టాలే కాళ్ళు. ముళ్ళు వీపుమీద, మింగడానికి వచ్చేవాటి కోసం.

ఎడ్విన్ గారు కొత్త పుస్తకం చూపించి, "చెరిపేద్దామా సార్?" అన్నారు. నాకు చెయ్యి రాలేదు. ఉంచితే పిల్లలు తప్పు నేర్చుకుంటారు. అది పరిమళ ఒప్పుకునేది కాదు.

వెనక నుంచి ఎనిమిదో తరగతి జాకియా అంది: "తప్పేం కాదండీ! మా మేడమ్ దానిచేత శీర్షాసనం వేయించారు."

"మరి దించేదెవరే?" పక్కపిల్ల.

"సారు దించుతారు. ఎంతసేపని ఉంటది పాపం, మెడ పట్టేసుద్ది!"

అలాగే చేశాను. తను వేసినదాన్ని ఉంచి, పక్కనే కాళ్ళమీద నిలబడినదాన్ని వేశాను. 'ముందు ఇలా అనుకున్నారు, తర్వాత ఇలా తెలిసింది' అని జాకియా కింద రాసింది.

ఇక, రాయడానికి వెనకాడిన మాట. ఆ పిల్ల మాటకి నేను నవ్వాను అత్తయ్య గారూ. చిన్నగా కాదు. స్టూలు దిగి, గోడకి ఆనుకుని నవ్వాను. తను పోయాక ఇదే మొదలు. మీరింకా సరిగ్గా అన్నం తినడం లేదని బెన్ని చెప్పాడు. అలాంటప్పుడు మీకిది రాయవచ్చా అని ఆగాను. ఇంటికొచ్చాక మళ్ళీ నవ్వొచ్చింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పరిమళ తప్పు దొరికితే నాకన్నా ఎక్కువ నవ్వేది మీరే.

రంగు ఆరింది. బెన్నిని తోడు తీసుకుని రండి.

ఇట్లు,
మీ అల్లుడు,
దేవరాజ్