తుపాకి పిడి మీద పేరు

బ్లాక్‌టౌన్

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. ఫోన్‌లో చెబితే మీ అల్లుడుగారు మధ్యలో దూరి మాట మార్చేస్తారని కార్డు రాస్తున్నాను.

ఆయన పాత తుపాకుల భాగాలు కొని అమ్ముతున్నారు కదా. మొన్న ఒక రైఫిల్ చెక్క పిడి తెచ్చారు. దాని మీద ఎవరో సైనికుడు కత్తితో తన పేరు చెక్కుకున్నాడు. "ఎవడి పేరో ఉంటే ఎవరు కొంటారే? సాండ్‌పేపర్ పట్టించేస్తా" అన్నారు. నేను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. నిన్న కొనడానికి వచ్చిన ఈ దేశపు పెద్దాయన ఆ పేరు తడిమి చూసి, "ఇతని పేరు మా ఊరి యుద్ధ స్మారకం మీద ఉంది. ఉత్త పిడులు ఎక్కడైనా దొరుకుతాయి" అని అడిగినదానికి రెట్టింపు ఇచ్చి, పిడిని పసిపిల్లలా ఎత్తుకెళ్లాడు. రాత్రి అంట్లు మీ అల్లుడే తోమారు!

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించి పంపు. అమ్మమ్మ పేరు కొట్టించిన ఇత్తడి బిందె పాతసామాన్లవాడికి వేస్తానన్నావు, వెయ్యకు. అది నాకు కావాలి. చింతపండుతో తోము కానీ, పేరు మాత్రం అరగనివ్వకు.

నాన్నకు నమస్కారాలు.

పంతం నెగ్గిన నీ కూతురు,
హైమ