జుంకాలైపోయిన కాసులపేర్లు

గురువారం

రోల్డ్‌గోల్డ్ షాపు మస్తాన్ గారు పొద్దున్నే ఫోన్ చేశారు. "మీ సాఫ్ట్‌వేర్‌లో కాసులపేర్లన్నీ జుంకాలైపోయాయండీ!"

చిలకలపూడి వెళ్లి చూశాను. వెతకడానికి వేరే బాక్స్ పెట్టినా, ఆయన స్క్రీన్ మీద తెరిచి ఉన్న డిజైన్ పేరు చెరిపి, అక్కడే "జుంకాలు" అని టైపు చేసి వెతుకుతున్నారు. ఆ పేరుండే బాక్సును డేటాకు నేరుగా కలిపింది నేనే. టైపు చేసిందల్లా అప్పటికప్పుడే సేవ్ అయిపోయింది.

గంటలో సరిచేశాను. ఇక సేవ్ నొక్కితే తప్ప ఏ పేరూ మారదు. ఈ పని నాకు బాగా వచ్చు.

చెరిగిన పేర్లు ఎక్కించడానికి ఆయన పాత నోటుబుక్కు తీశారు. "ఇందులో కొట్టేసినా గీత కింద పేరు కనబడుద్దండీ" అన్నారు.

నా ప్రోగ్రాంలో కనబడదు. రేపు అదీ రాస్తాను, రాయగలను. కానీ పోయిన నెల "ఆ బుక్కు ఇక పారేయండి" అని ఆయనతో చెప్పింది కూడా నేనే...