బావ పేరు మీద ఊదిన ఊపిరి

భూపాలపల్లి,
నవంబరు 14, సోమవారం. పొద్దుగాల మంచు పడ్డది, ఎనిమిదైనా ఎండ రాలే. రెండు అంగీలు ఉతికి ఆరేసిన. మూడు నీళ్ళు పోసినా తెల్లటి బురదే దిగింది.

సోమక్కకు తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను మంచిగున్న. నువ్వు, కోడలు పిల్ల లలిత, అత్తమ్మ మంచిగున్నరని అనుకుంటున్న. బావ ఎట్లున్నడని అడుగను. ఎట్లున్నడో నాకెరుకే.

తిండికి తక్కువ లేదు. దొడ్డు బియ్యం, పచ్చిపులుసు. బావ ఇంటికి పోయినంక అర్రల నాతోటి మానుకోట దిక్కు తండావాళ్ళు ఇద్దరు ఉంటున్నరు. మంచోళ్ళే. రాత్రి వాళ్ళ మాటల వాళ్ళు మాట్లాడుకుంటరు, నాకు సగమే తెలుస్తది. బావ పండుకునే మూల ఖాళీగనే ఉంచినం. నా గురించి ఫికరు చేయకు.

అక్కా, నేను ఎక్కువ మాట్లాడెటోన్ని కాదు. నీకు తెలుసు. ఏ దినం ఏమైందో డైరీల రెండు ముక్కలు రాసి ఊకుంట. కాని ఈ ఒక్క సంగతి డైరీల రాసి ఊకుంటె సరిపోదు. బావకు కూడ వినబడేటట్టు చదువు.

మా క్రషర్‌కు ఏడాదికొకసారి వ్యానుల డాక్టరు వస్తడు. రాయి దుమ్ముకు పనోళ్ళ ఊపిరితిత్తులు ఎట్లున్నయో చూసి కాగితం ఇయ్యాలె. ముక్కుకు క్లిప్పు పెడతరు. అట్ట గొట్టం పండ్ల నడుమ పట్టి పెదాలు బిగియ్యాలె. ఛాతి నిండ గాలి పీల్చి, ఒక్క దెబ్బకు ఊది, లోపల గాలి ఒడిసేదాక ఆపకుండ ఊదాలె. అట్ల మూడుసార్లు. మొదటి సెకండుల ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది, మిషన్ గీత గీసి చెప్తది.

రోగం దొరకవట్టెటందుకు పెట్టిన పరీక్ష అది. మేము దాన్ని బడి పరీక్ష అనుకున్నం. పాసయితె పని ఉంటది, ఫెయిలయితె గేటు బయట. మేస్త్రి కూడ అదే చెప్పిండు. అందుకే మా కాడ ఒక అలవాటు పడ్డది. ఊపిరి గట్టిగున్నోడు లేనోని పేరు మీద ఊదుతడు. పెళ్ళిళ్ళల్ల సన్నాయి ఊదే సారయ్య పోయినేడు పదకొండు మంది పేర్ల మీద ఊదిండు. కూసున్నోళ్ళందరు నవ్వినం. వ్యానులున్నోడు మొకం చూడడు, పేరు రాసుకుంటడు, అంతే.

బావ పేరు మీద ఊదింది నేను. బావ అడుగలే. నేనే ముందటికి పోయిన. అప్పటికే మెట్లెక్కితె కూసుంటుండె. పని పోతదేమోనని నాకు భయం. మంచి చేస్తున్న అనుకున్న అక్కా. ఆ దినం డైరీల కూడ రాసుకున్న.

మొన్న సమ్మెల క్రషర్ బందు పెట్టి రోడ్డు మీద వంటావార్పు చేసినప్పుడు చూసిన. బావ 'జై' అని ఆగి దగ్గిండు. 'తెలంగాణ' అనెటందుకు ఇంకొక ఊపిరి తీసుకున్నడు. పక్కనున్నోళ్ళు ఏందే ఎల్లన్నా, వాయిదాల మీద అడుగుతున్నవా రాష్ట్రం అని నవ్విండ్రు. బావ కూడ నవ్విండు. నేను నవ్వలే.

పోయిన బుధవారం బావను వరంగల్ దవాఖానకు తీసుకపోయిన సంగతి నీకు తెలుసు. అక్కడ ఏమైందో బావ నీకు చెప్పి ఉండడు. డాక్టరమ్మ ఎత్తు, వయసు రాసుకొని ఊదించింది. మూడుసార్లు కాదు, ఆరుసార్లు ఊదించింది. ప్రతిసారి నడుమలనే దగ్గొచ్చె. ఇంత ఎత్తు మనిషికి ఉండాల్సిన ఊపిరిల సగం కూడ లేదన్నది. ఎక్స్‌రేల మచ్చలున్నయి, కళ్ళె పరీక్షల టీబీ లేదు, ఇది రాయి దుమ్మే అన్నది. అప్పుడు నేను క్రషర్ కాగితం ఇచ్చిన. ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చానసేపు చూసింది.

"ఏడాదిల ఊపిరి ఇంత పడదు. ఈ పాతది నువ్వు ఊదిందేనా?"

నేను చెప్పాల్సింది. బావ నా దిక్కు చూసిండు.

"నేనే ఊదినమ్మా," అన్నడు.

నా పని కాపాడెటందుకు అన్నడు. ఆ ముక్క అనెటందుకు కూడ ఆయన ఊపిరి కూడగట్టుకోవాల్సొచ్చె. అక్కా, ఇప్పటిదాక నన్ను ఎవరు కొట్టినా అంత తగులలే.

ఆ కాగితం నకలే ఇప్పుడు క్రషర్ సేటు చేతిల ఉన్నది. పోయినేడు మా కాడ మంచిగ ఊదిండు, దుమ్ముతోటి వచ్చిన రోగమైతె అప్పుడే కనబడాలె గద అంటడు. దవాఖాన ఖర్చు మాకేం సంబంధం అంటడు. సమ్మెల రోడ్ల మీద పొయ్యిలు పెట్టి పొగ మింగిండు, దాంతోనే వచ్చిందంటడు. మేస్త్రి ఇంకొకటన్నడు. తెలంగాణ తెస్తమని పోయి దగ్గు తెచ్చుకున్నడట. పేర్లు పిలిచి ఊదిపిచ్చింది వాడే. ఎవడు ఎవని పేరు మీద ఊదిండో వానికి ఎరుక లేదా? తొమ్మిదేండ్లు రాయి పిండి మింగిన మనిషిని పట్టుకొని నవ్వుతడు. నా చేతిల పార ఉండె. కింద పెట్టి బయటికి వచ్చిన. ఆ కోపం ఇంక దిగలే. వాళ్ళ మీద ఎంతున్నదో నా మీద అంతున్నది.

ఇప్పుడు నేను చెప్పేది విను. మేస్త్రి మీ ఊరికి వస్తనన్నడట, బావ తన ఇష్టంతోటే పని మానేసిండు, రోగం లేదు అని రాసిన కాగితం పట్టుకొని. మీరిద్దరు దాని మీద వేలిముద్ర గాని సంతకం గాని పెట్టకుండ్రి. చాయ పొయ్యి, పంపియ్యి. గురువారం బావను దేవరుప్పుల కాడ బస్సు ఎక్కించి జనగామకు పంపు. నేను బస్టాండుల ఉంట. అక్కడికెల్లి వరంగల్ పోతం. డాక్టరమ్మ ముందల నా డైరీ పెట్టి, పాత కాగితంల ఉన్న ఊపిరి నాది అని చెప్త. కావాలంటె నన్ను ఊదిపిచ్చుకొని చూడుమంట. పని పోతది. పోనీ. బావ మల్ల అడ్డం పడి నా తప్పు మీదేసుకుంటడు, ఇంటికాడనే ఒట్టు వేయించి పంపు.

అత్తమ్మకు దండాలు చెప్పు. లలితను మంచిగ చదువుమను. ఇది చదివినంక నీకు నా మీద కోపం వస్తది. తిట్టు. తిట్టినంకనే దీవించు, అప్పుడే నాకు తగులుతది.

నీ తమ్ముడు,
మల్లేశం

మడిచి మల్ల విప్పి రాస్తున్న. ఈ ఏడాది వ్యాను ఇయ్యాలనే వచ్చిందట. మేస్త్రి మనిషిని పంపిండు, నేను ఆరుగురి పేర్ల మీద ఊదాలెనట. ఆ మనిషి పోంగనే సారయ్యకు కూడ చెప్పిన, ఎవరి పేరు మీద ఊదకని. ఒక్క నా పేరు మీదనే ఊదుత. మిగిలినోళ్ళు ఎంత వస్తె అంత, ఎవని ఊపిరి వాడే ఊదాలె. బిందె నింపి, ఉత్తరం డబ్బల వేసి, వ్యాను కాడికి పోత.