మంచం బొంగులతో తోరణం

ఆగస్టు 9, 2006

కోపం దిగక రాస్తున్నాను. రోగులను మంచంతో సహా వాగు దాటించడానికి ఊరు దాచుకున్న వెదురు బొంగులను ఎమ్మెల్యే మనుషులు స్వాగత తోరణానికి పాతేశారు. ఆయన ఊళ్ళో కొత్తగా పెట్టిన కంప్యూటర్ మీట నొక్కి, నాతో "ఇగ డాక్టరు తెర మీదనే కనిపిస్తడు, పెద్దమ్మా" అన్నాడు. ఆ తెలివికి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

నెలలు నిండిన పక్కింటి జోగమ్మ నా చెవిలో, "కానుపు గూడ తెర మీదనే చేస్తడా, అమ్మమ్మా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఎగువన వాన పడుతోంది. వంతెన అడిగితే తెర ఇచ్చారు. మనిషిని మనిషి మోయడం మా తాతల నాటిదే. తెర వచ్చాక మారిందేముంది?

రేపు:

1. తెల్లవారగానే తోరణం పీకించాలి.
2. వాగు పొంగకముందే జోగమ్మను దవాఖానాకు చేర్చాలి.
3. ఎమ్మెల్యే మళ్ళీ వస్తే, బొంగు ఒక కొస ఆయన భుజానికెత్తాలి.